ఈకలు పీకినవాళ్లని అడగండి

మా తాతయ్యగారు కొల్లేట్లో వేటకి వెళ్లొస్తే ఆ కబురు ఊళ్లో రెండు రోజులు నడిచేదట. అరుగు మీద కూచుని "ఇరవై రెండు పరజలు పడ్డాయిరా ఇవాళ" అని ఆయన చెబుతుంటే వినేవాళ్లు నోళ్లు వెళ్లబెట్టేవారట. లోపల పెరట్లో వేణ్ణీళ్ల గంగాళం పక్కన కూచుని ఆ పరజల ఈకలు పీకుతున్న మా అమ్మమ్మ "పదకొండు" అనుకునేదట. పైకి కాదులెండి. ఆ రోజుల్లో అరుగు మీది లెక్కని పెరట్లోంచి దిద్దే అలవాటు లేదు. కాని అల్లం వెల్లుల్లి ఎంత నూరాలో, ఎవరింటికి ఎన్ని పంపాలో తేల్చుకోవాలంటే ఇరవై రెండుతో పని జరగదు కదా, పదకొండే కావాలి.

నేను పుట్టకముందు సంగతులివి. అమ్మమ్మ ముసలితనంలో మంచం మీద పడుకుని చెబుతుంటే విన్నాను. "మరి తాతయ్యది అబద్ధం కాదూ?" అంటే, "అబద్ధమెందుకే, సంబరం. తుపాకీ పేల్చినప్పుడల్లా పిట్ట పడిందనే అనిపిస్తుంది మగాళ్లకి" అని వెనకేసుకొచ్చేది.

నిరుడు మా చెల్లెలి దగ్గరికి అమెరికాలో మిన్నెసోటా వెళ్లినప్పుడు ఆ పదకొండూ, ఆ ఇరవై రెండూ మళ్లీ గుర్తొచ్చాయి. వాళ్ల పక్కింటాయన రిటైరయినవాడు, బాతుల వేటంటే పిచ్చి. ఆకులు ఎర్రబడే రోజులొస్తే చాలు, తెల్లవారుజామునే లేచి పడవని కారు వెనక కట్టుకుని పోతాడు. ఓ రోజు వాళ్లింటికి కాఫీకి పిలిస్తే వెళ్లాం. వంటింటి బల్ల మీద కొన్ని పెద్ద కవర్లు కనిపించాయి. తపాలా ఖర్చు ప్రభుత్వానిదేనని వాటిమీద అచ్చేసి వుంది. ఏమిటివని అడిగితే ఆయన భార్య, ఏదో కరెంటు బిల్లు కట్టే మాట చెప్పినంత మామూలుగా, "బాతు రెక్కలు పంపడానికి" అంది.

నేను సరిగ్గా వినలేదేమో అనుకున్నాను. విన్నది సరే. కొట్టిన ప్రతి బాతుకీ ఒక రెక్క కోసి, ఏ రోజు ఎక్కడ కొట్టిందీ కవరు మీద రాసి, పోస్టులో పడెయ్యాలట. అందరూ కాదు, ప్రభుత్వం ఏరి అడిగినవాళ్లు. అలా దేశం నలుమూలల నుంచీ వచ్చిన వేలకొద్దీ రెక్కల్ని పక్షిశాస్త్రజ్ఞులు ఏడాదికోసారి ఒకచోట చేరి, బల్లల మీద పరుచుకుని, ఒక్కొక్కటే తిప్పి చూస్తారు. ఏ జాతో, ఆడో మగో, ఆ ఏడు పుట్టిన పిల్లో అంతకుముందుదో రెక్క చూసి చెప్పేస్తారు. (ఆడవాళ్ల వయసు ఇంత తేలిగ్గా తెలిసిపోయే లోకం ఒకటుందని నాకప్పుడే తెలిసింది.) పిల్లల రెక్కలు ఎక్కువొస్తే ఆ ఏడు ఉత్తరాన గుడ్లు బాగా పొదిగాయన్నమాట. ముసలివే ఎక్కువొస్తే పిల్లలు దక్కలేదన్నమాట.

రెక్కల కంటే ముందు ఇంకో తతంగం వుంది. వలస పిట్టల్ని వేటాడేవాడు లైసెన్సుతో పాటు పేరూ, చిరునామా ఇచ్చి, కిందటేడు ఏమేం కొట్టావు, ఉజ్జాయింపున ఎన్ని, అన్న నాలుగైదు ప్రశ్నలకి జవాబు చెప్పాలి. 1998 నాటికి ఒక్క హవాయి తప్ప అన్ని రాష్ట్రాలూ ఈ పద్ధతిలోకి వచ్చేశాయి. ఆ జాబితాలోంచి కొందర్ని ఎంచి, ఈ సీజనంతా ఏ రోజు వెళ్లావు, ఎన్ని పడ్డాయి, వెంటవెంటనే రాసి పంపమంటారు. అంతకుముందు 1952 నుంచీ కూడా అడిగేవారు గాని, పోస్టాఫీసులో బాతుల స్టాంపు కొన్న వేటగాళ్లని పట్టుకుని అడిగేవారు. పావురాల్ని కొట్టేవాడికి ఆ స్టాంపు అక్కర్లేదు. అంచేత వాడి లెక్క ఆ లెక్కలోకి వచ్చేదే కాదు. తీరా చూస్తే ఆ దేశంలో అన్నిటికంటే ఎక్కువగా తుపాకీకి పడేది ఆ పావురం జాతి పిట్టే! అడగడం అంటే ఎవర్ని అడుగుతున్నామన్నది కూడా చూసుకోవాలి కదండీ.

ఇంటికి తిరిగొచ్చాక ఈ మాట స్నేహితురాళ్ల దగ్గర చెబితే ఒకావిడ మండిపడింది. "చంపేవాణ్ణి కూచోబెట్టి ఎన్ని చంపావు నాయనా అని అడగడమేమిటే, చోద్యం కాకపోతే! పైగా రెక్కలు కోయించి తెప్పించుకోవడమా? చంపొద్దని ఒక్కమాట చెబితే సరిపోదూ?" ఆవిడ చీమని కూడా పక్కకి తప్పించి నడిచే మనిషి. ఆవిడంటే నాకు చాలా గౌరవం. అయినా ఈ ఒక్క విషయంలో ఆవిడతో పోట్లాడదలుచుకున్నాను.

అదే అమెరికాలో ఒకప్పుడు ఎగిరితే ఎండ పడకుండా ఆకాశాన్ని కమ్మేసే పావురాలుండేవి. కోట్లకి కోట్లు. ఎవరూ ఎవర్నీ లెక్క అడగలేదు. వలలేసి పట్టారు, తుపాకులతో కొట్టారు, పీపాల్లో కుక్కి రైళ్లకెక్కించి పట్నాలకి పంపారు. చిట్టచివర మిగిలింది ఆడది, మార్తా అని పేరు పెట్టారు. 1914 సెప్టెంబరు 1న సిన్సినాటి జంతుశాలలో అదీ పోయింది. అప్పుడు మాత్రం లెక్క చక్కగా కుదిరింది, సున్నా అని. వలస పక్షుల చట్టం ఆ తర్వాత 1918లో వచ్చింది. ఈ కవర్లూ, ఈ రెక్కలూ, ఈ చాదస్తమంతా ఆ సున్నాని చూసి భయపడ్డవాళ్ల చాదస్తం.

అడిగి తెలుసుకున్న లెక్కతో ఏం చేస్తారూ అంటే, మన కొల్లేటికీ పులికాటుకీ చలికాలంలో ఉత్తరాన్నించి వచ్చే సూదితోక బాతుంది చూశారూ, సరిగ్గా ఆ జాతే అక్కడా వుంది. అది తగ్గిపోయిందని తెలిసి చాలా ఏళ్లపాటు వేటగాడికి రోజుకి ఒకటో, మహా అయితే రెండో అన్నారు. 2025లో లెక్కలన్నీ తిరగేసుకుని మూడు దాకా కొట్టుకోవచ్చన్నారు. పచ్చతల బాతుల్లో మగవాటికంటే ఆడవాటికి పరిమితి తక్కువ పెట్టడం కూడా ఇలాంటి ఆలోచనే. ఎండాకాలం ముందు విమానాల్లోంచి లెక్కపెట్టిన బతికున్న బాతులూ, వేటగాళ్లు చెప్పిన చచ్చిన బాతులూ, రెండూ పక్కపక్కన పెట్టుకుని ఏటేటా సీజను ఎన్నాళ్లో నిర్ణయిస్తారు. మూడు సబబా, ఒకటి సబబా అని వాళ్లలో వాళ్లు తగువులాడుకోనివ్వండి. తగువులాడుకోవడానికి చేతిలో ఒక అంకె వుంది వాళ్లకి.

"వేటగాడు నిజం చెబుతాడని నమ్మకమేమిటి?" అంది మా స్నేహితురాలు. మంచి ప్రశ్నే. శాస్త్రజ్ఞులకి ఆ సంగతి మా అమ్మమ్మకి తెలిసినంతగానూ తెలుసు. సీజనయ్యాక అడిగితే అంకె ఉబ్బుతుందని ఏనాడో కనిపెట్టారు. కొంత జ్ఞాపకం తప్పడం, కొంత గొప్ప. దానికి తోడు, రోజంతా చలిలో కూచుని ఒక్కటీ పడక ఉత్త చేతుల్తో ఇంటికొచ్చినవాడు సిగ్గుపడి జవాబే రాయడు. రాసేవాళ్లంతా కొట్టినవాళ్లే అయితే సరాసరి ఎక్కడికి పోతుందో మీరే చెప్పండి! అందుకే "వేటకి వెళ్లకపోయినా సరే, ఒక్కటీ కొట్టకపోయినా సరే, దయచేసి జవాబివ్వండి" అని బతిమాలుకుంటారు. అందుకే సీజనయ్యేదాకా ఆగకుండా ఏ రోజుకారోజు రాయమంటారు. అందుకే రెక్కలడుగుతారు. రెక్కకి కోతలు కొయ్యడం రాదు.

ఇక్కడ నా ఫిర్యాదు ఒకటుంది, అమెరికావాళ్ల మీదే. ఆ రోజు పక్కింటావిడ నవ్వుతూ చెప్పిన మాట: "స్నేహితులకి ఆయన చెప్పే లెక్క వేరు. ఫ్రీజరులో సర్దేది నేను కనక ఈ కాగితం నింపేది నేనే." చూశారా! సర్కారువారి ప్రశ్న లైసెన్సున్న మగాయన పేర వస్తుంది, జవాబు వంటింట్లోంచి వెళుతుంది. ఆడవాళ్లూ తుపాకీ పట్టి వేటకి వెళుతున్నారు అక్కడ, కాదనను. కాని ఎక్కువమంది వేటగాళ్లు ఇప్పటికీ మగవాళ్లే. ఫ్రీజరు తలుపు తీసి చూసే మనిషినే నేరుగా అడిగితే ఆ శాస్త్రజ్ఞులకి సగం తలనొప్పి తగ్గుతుంది.

అదలా వుంచండి. నా అసలు కోపం మన మీద.

ఒకప్పుడు మన దగ్గరా లెక్కలుండేవి. 1938లో భరత్‌పూర్‌లో వైస్రాయి లిన్‌లిత్‌గో బృందం ఒక్కరోజులో 4,273 పిట్టల్ని కొట్టి, ఆ సంగతి రాతి మీద చెక్కించుకున్నారు. సిగ్గులేని గొప్పే, సరే. కాని రాయి వుంది కనకే ఆ మాట ఇవాళ నాకు తెలిసింది. 1972 వన్యప్రాణి చట్టంలో కూడా మొదట్లో వేటకి లైసెన్సులుండేవి. లైసెన్సున్నవాడు చంపిన, పట్టిన జంతువుల రికార్డు వుంచాలని ఒక సెక్షనే వుండేది. 1991లో సవరించి ఆ లైసెన్సుల వేట తీసేశారు. మంచిపనే, చేతులెత్తి దణ్ణం పెడతాను. దాంతోపాటే ఆ రికార్డు సెక్షనూ తీసేశారు. వేట లేనప్పుడు వేట లెక్కెందుకు అనుకున్నారు కాబోలు.

మరి పరజలు వలలో పడడం మానేశాయా? చలికాలంలో కొల్లేటి చుట్టుపక్కల ఎవరికో చుట్టాలొస్తే "ప్రత్యేకంగా తెప్పించాం" అని గిన్నె మూత తీసే మర్యాదలు మీరెరగరా? పట్టేవాడు పేదవాడు, కొనేవాళ్లం మనం. చట్టం ప్రకారం ఇద్దరమూ లేము.

ప్రతి జనవరిలో పిల్లలూ, పెద్దలూ దుర్భిణీలు పట్టుకుని చెరువుల గట్ల మీద నీటిపక్షుల్ని లెక్కపెడతారు. 1987 నుంచీ జరుగుతున్న మంచిపని. కాని అది బతికున్నవాటి లెక్క. చచ్చినవాటి లెక్క ఏదీ? నెలసరి పద్దులో జమ రాసి ఖర్చు రాయకపోతే మా ఆయన నన్ను ఊరుకుంటాడా? నెలాఖరుకి డబ్బు తక్కువైతే ఏం చెబుతాను, "మా ఇంట్లో ఖర్చు నిషేధం" అనా?

అడిగితే ఏమవుతుందో మన దేశంలోనే ఒకసారి జరిగింది. 2012లో నాగాలాండ్‌లో దోయాంగ్ జలాశయం దగ్గర అమూరు డేగల్ని చేపల వలలతో పడుతున్నారని తెలిసి కొందరు పక్షిప్రేమికులు అక్కడికి వెళ్లారు. ఎన్ని జట్లు, ఒక్కో జట్టుకి రోజుకెన్ని అని పట్టేవాళ్లనే అడిగి లెక్కకట్టారు. రోజుకి పన్నెండు వేల నుంచి పద్నాలుగు వేలని తేలింది! ఆ అంకె దేశమంతా పాకింది. ఊళ్లవాళ్లతో, చర్చివాళ్లతో మాటలు జరిగాయి. 2013లో ఆ ఊళ్లు వలలు కట్టలేదు. "డేగల్ని పట్టడం పాపం" అన్న మాట అంతకుముందు ఎంతమంది ఎన్నిసార్లు చెప్పి వుంటారో, దానికి కదలనివాళ్లు పన్నెండు వేలకి కదిలారు.

లైసెన్సులు మళ్లీ ఇవ్వమని నేననడం లేదు. అలా అన్నానని మా స్నేహితురాలు ఊరంతా చెప్పకముందే ఇక్కడ రాసి పెడుతున్నాను. నిషేధం వుండాల్సిందే. కాని పేరు అడగకుండా, కేసు పెట్టమని ముందే మాటిచ్చి, ఈ చలికాలం ఎన్ని, ఏ రకం, పోయినేటికంటే ఎక్కువా తక్కువా అని లంక గ్రామాల్లో అడిగేవాళ్లు కావాలి. ఆ అడిగేవాళ్లలో ఆడవాళ్లుండాలి, అడగాల్సింది కూడా ఆడవాళ్లనే.

మొన్న సంక్రాంతి వెళ్లాక కైకలూరు వైపు ఓ పెళ్లికి వెళ్లి, తిరిగొస్తూ ఒక ఊళ్లో ఆగాను. వాకిట్లో చేపలు తోముకుంటున్నావిడని "పరజలేమైనా దొరుకుతాయా ఈ పక్క?" అని అడిగితే, తలెత్తకుండానే "అబ్బే, మావూళ్లో అట్టాంటియ్యి లేవండి. కేసులు పెడతారు కదండి" అంది. నాకు కొనే ఉద్దేశం లేదని చెప్పి, గట్టు మీద కూచుని మా తాతయ్యగారి ఇరవై రెండు కథ, అమ్మమ్మ పదకొండు కథ చెప్పాను. ఆవిడ మోచేత్తో నోరు మూసుకుని నవ్వింది. నవ్వి, నవ్వి, "మా ఆయనా అంతేనండి" అని నాలిక్కరుచుకుంది.

ఆ తర్వాత ఆపలేకపోయాను. వాళ్లత్త కాలంలో బుట్టలకి బుట్టలు వచ్చేవట. ఇప్పుడు రాత్రంతా వలేసినా చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చట. "తోక సూదిలాగుంటాది చూడండి, అది నా చేతికొచ్చి మూడేళ్లయ్యిందండి. ఈకలు పీకేటప్పుడు తెలుస్తాది కదండీ, దాని ఈక మెత్తన" అంది.

"ఇదంతా నిన్నెవరైనా ఎప్పుడైనా అడిగారా?" అన్నాను.

"అడిగేవాళ్లు జీపులో వస్తారండి. జీపు సప్పుడైతే మేం తలుపేసుకుంటాం. మీరు ఆటోలో వొచ్చారు కదా" అని, ఇంకో చేప తీసుకుంది.