వాగ్దానమునకు చిరునామా

ఎన్నికల ఋతువున సికింద్రాబాదులో ఏ పేటకు పోయినను అభ్యర్థుల నోట రెండు మాటలు వినవచ్చును. "ప్రజలను అడిగి పనిచేయుదును" అనునది మొదటిది. "నగరము అన్ని వైపుల సమముగా పెరుగునట్లు చూతును" అనునది రెండవది. రెండును మంచి మాటలే. వీనిని కాదను పార్టీ ఒక్కటియు లేదు. అందరును చెప్పు మాట అభ్యర్థుల మధ్య తారతమ్యమును చూపజాలదు గనుక, ఓటరు తలయూపి ఊరకుండక మరి రెండు ప్రశ్నలు వేయవలసి యున్నది. అయ్యా, మీరు కోరు పదవికి ఈ పని చేయు అధికారము కలదా? మమ్ము అడుగుదు నంటిరి. ఎప్పుడు, ఎక్కడ అడుగుదురు?

ఈ ప్రశ్నలు ఏ ఊరి కైనను తగును. మన లష్కరునకు మరింత తగును. కారణము చరిత్రలో ఉన్నది. 1798 నాటి సంధి ననుసరించి హుస్సేను సాగరమునకు ఉత్తరమున ఆంగ్లేయ సైన్యము విడిసినది. 1806లో ఆ విడిదికి మూడవ నిజాము సికందర్ జా పేరు వచ్చినది. సైన్యము కొరకు బజారు, బజారు కొరకు బస్తీ - ఈ వరుసలో ఊరు పెరిగినదే కాని, ఊరివారిని ఎవరును అడిగినది లేదు. 1945లో పౌర ప్రాంతమున అధిక భాగము నిజాము ప్రభుత్వమునకు తిరిగి వచ్చినది. 1950లో సికింద్రాబాదునకు సొంత కార్పొరేషను ఏర్పడినది. 1960లో అది హైదరాబాదు కార్పొరేషనులో విలీనమైనది. కంటోన్మెంటు మాత్రము రక్షణశాఖ క్రిందనే నిలిచినది. కావుననే ప్యారడైజు నుండి బోయినపల్లి వైపో, తిరుమలగిరి వైపో నడచిపోవు బాటసారి తనకు తెలియకయే ఒక పాలనను దాటి మరియొక పాలనలో అడుగిడును. మురుగు కాలువకు మాత్రము ఆ సరిహద్దు తెలియదు.

కంటోన్మెంటు సంగతి మొదట చూతము. అచటి బోర్డునకు 8 వార్డులు. 2015 జనవరిలో ఎన్నికలు జరిగినవి. ఎన్నికైన వారి గడువు 2020లో తీరగా, దానిని 2021 వరకు పొడిగించిరి. ఆపైన అధికారులును, నామినేషనుపై వచ్చిన ఒక పౌర ప్రతినిధియు కలిసి బోర్డుగా ఏర్పడిరి. 2023 ఏప్రిల్ 30న ఎన్నిక లని ప్రకటన వెలువడినది. మార్చిలోనే అది రద్దయినది. 2015లో పదేండ్ల బాలుడు 2023 నాటికి పదునెనిమిదేండ్ల ఓటరైనాడు. వాని తొలి బోర్డు ఓటు చేతికంది నట్లే అంది జారిపోయినది.

శాసనసభకు ఓటు వేయుచున్నారు గదా అని కొందరనవచ్చును. నిజమే. ఈ నియోజకవర్గమున 2023 నవంబరులో సాధారణ ఎన్నిక, ఎన్నికైన సభ్యురాలు లాస్య నందిత ప్రమాదమున మరణించగా 2024 మే 13న ఉపఎన్నిక జరిగినవి. కాని 2006 కంటోన్మెంటుల చట్టము ప్రకారము శాసనసభ్యుడును, పార్లమెంటు సభ్యుడును బోర్డు సమావేశమునకు ప్రత్యేక ఆహ్వానితులు మాత్రమే; వారికి ఓటు లేదు. వేల మంది ఓట్లతో గెలిచినవాడు, ఒక వీధి కాలువ విషయమున ఓటులేని అతిథి! ఇది తెలిసియు "మీ వీధిని నేనే బాగుచేయింతు" నను అభ్యర్థి తన అధికారమును పెంచి చెప్పుచున్నాడు. "బోర్డు ఎన్నికల కొరకు గాని, పౌర ప్రాంతములను నగర పాలనలో కలుపుట కొరకు గాని పోరాడెదను, అంతవరకు బోర్డులో మీ మాట వినిపించెదను" అనువాడు తక్కువ చెప్పినను నిజము చెప్పుచున్నాడు.

అయితే విలీనమైనంత మాత్రమున ప్రజల మాటకు విలువ వచ్చునా? కార్పొరేషను అనుభవము చూడుడు. 1960 తరువాత జంట నగరములకు ఒకే సభ వచ్చినది. 1962లో రాణీ కుముదినీదేవి దానికి తొలి మహిళా మేయరైరి. 2007లో 12 పురపాలక సంఘములు, 8 పంచాయతీలు చేరి మహానగర కార్పొరేషను ఏర్పడినది. పెద్ద నగరమునకు పెద్ద ఆదాయము, పెద్ద ప్రణాళిక సాధ్యమగును, ఇది లాభము. కాని నాడు 150 వార్డులుగా విభజించినను, 2011 జనాభా లెక్క ప్రకారము ఒక్కొక్క వార్డునకు సగటున సుమారు 45 వేల మంది ఉండిరి. ఒక్క కార్పొరేటరు ఇంతమందిని వినుట ఎట్లు? 2009, 2016, 2020 - ఈ మూడు ఎన్నికలలో ఒక్కసారియు ఓటర్లలో సగము మంది ఓటు వేయలేదు. దీనిని బద్ధక మనుట తేలిక. తన ఓటునకును తన వీధికిని సంబంధము కనబడని వాడు క్యూలో నిలుచుట కేల ఉత్సాహపడును?

ఇక సమతౌల్యమైన పెరుగుదల. 1908 మూసీ వరద తరువాత నిజాము ప్రభుత్వము 1912లో నగరాభివృద్ధి మండలిని నెలకొల్పినది. 1920లో ఉస్మాన్ సాగరు, 1927లో హిమాయత్ సాగరు పూర్తియైనవి. ఆ నాడు ముందుచూపు ఉండెను. ప్రజలను అడుగుట మాత్రము లేకుండెను. 2020 అక్టోబరులో మరల నగరము మునిగినది. డిసెంబరు 1న ఎన్నికలు జరిగినవి. ఆ నడుమ ఇంటికి 10,000 రూపాయల సహాయమే పెద్ద చర్చయైనది. సహాయము అవసరమే. కాని ఓటున్న కాలమున ప్రజలను అడుగుట పెరిగి, ముందుచూపు తగ్గినచో మనము గెలిచిన దేమి? రెండును కలిసిననే సమతౌల్యము.

మన కన్నులయెదుటి ఉదాహరణము మరియొకటి. 1998 నుండి హైటెక్ సిటీ పేర పడమటి దిక్కు పెరిగినంత వేగముగా ఉత్తరపు దిక్కు పెరుగలేదు. దీనికి ఒక విరుగుడుగా ప్యారడైజు నుండి శామీర్‌పేట వైపును, మేడ్చల్ వైపును రెండు ఎత్తైన రహదారులకు రక్షణశాఖ భూమి లభించి, 2024 మార్చిలో శంకుస్థాపనలు జరిగినవి. కరీంనగరము, నిజామాబాదు పోవువారికి ఇది మేలు. కాని వంతెన మీది ప్రయాణికుని సౌకర్యమును, వంతెన క్రింది నివాసి సౌకర్యమును ఒకటి కావు. విస్తరణలో అంగడి కోల్పోవువాడు, దారి దాటవలసిన బడిపిల్ల, వాననీరు నిలుచు వీధి - వీరి మాట పనికి ముందు విన్నచో అది సంప్రదింపు. పని ముగిసిన పిదప విన్నచో అది ఫిర్యాదు మాత్రమే.

వినుటకు చట్టమున మార్గము లేకపోలేదు. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణము మూడు లక్షలు, అంతకు మించిన జనాభా గల పట్టణములకు వార్డు కమిటీలను విధించినది. 2020లో మహానగర చట్టమునకు చేసిన సవరణ యువకులకు, మహిళలకు, వృద్ధులకు, ప్రముఖ పౌరులకు వార్డునకు నాలుగు కమిటీలు చెప్పినది. 2023 జూనులో వార్డు కార్యాలయములు తెరచిరి. కార్యాలయము అర్జీ పుచ్చుకొనును. సభ నిర్ణయము చేయును. ఈ తేడా తెలిసిన అభ్యర్థి సభ జరుగు తేదీని, లెక్కలు చదివి వినిపించు పద్ధతిని ముందే ప్రకటించును.

ఉపాధ్యాయులకు ఇందులో ఒక పని ఉన్నది. విద్యార్థులచేత బడి ఎదుటి వీధి పటమును గీయింపుడు. ఈ కాలువ ఎవరిది, ఈ దీపము ఎవరిది, ఈ స్థలము ఎవరిది అని వారే విచారించి వ్రాయవలెను. ఆ పటమును చేతబట్టి అడిగినచో ఏ అభ్యర్థి మాట ఎంతవరకు నిలుచునో తేలును.

స్థానిక స్వపరిపాలన పాఠము ప్రతి బడిలో చెప్పుచునే యున్నాము. 2023లో తిరుమలగిరి తరగతిలో ఒక బాలిక లేచి, "మాస్టారూ, మన వార్డు సభ్యు డెవరు?" అని అడిగియున్నచో, చెప్పుటకు ఉపాధ్యాయునికి పేరు లేదు. ఆ బాలికకు ఏమి బదులు చెప్పగలడో, మన గుమ్మమునకు వచ్చు ప్రతి అభ్యర్థిని మొట్టమొదట అడుగవలసినది అదియే.