మన ఆరోగ్యం: దురద తగ్గితే చాలునా?

రాత్రంతా పిల్లవాడు గోక్కుంటూ ఉంటే ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనుక చర్మం ఎర్రబడి, రసి కారే ఈ ఎగ్జిమాను మన ఇళ్లలో తామర అనేస్తారు. వంకాయ మాన్పిస్తారు. అంటుకుంటుందని పిల్లవాణ్ణి దూరంగా పడుకోబెడతారు. నిజానికి అంటుకునే తామర వేరు. అది బూజు జాతి క్రిమి వల్ల వచ్చేది. ఎగ్జిమా అంటుకోదు.

మన చర్మం ఇటుకల గోడ వంటిది. కణాలు ఇటుకలు, వాటి నడుమ కొవ్వు సున్నం. గోడ గట్టిగా ఉంటే ఒంట్లోని నీరు బయటికి పోదు, దుమ్మూ క్రిములూ లోపలికి రావు. ఎగ్జిమాలో ఈ గోడ బీటలు వారుతుంది. ఫిలాగ్రిన్ అనే ప్రోటీను జన్యువులో లోపం ఇందుకొక ముఖ్య కారణమని 2006లో స్కాట్లాండులోని డండీ పరిశోధకులు చూపారు.

డూపిలుమాబ్ అనే ఇంజెక్షనుకు అమెరికా 2017లో అనుమతి ఇచ్చింది. దురదనూ వాపునూ పెంచి, ఫిలాగ్రిన్‌ను తగ్గించే ఇంటర్‌ల్యూకిన్ 4, 13 అనే సంకేతాలను ఇది అడ్డుకుంటుంది. 2016లో వెలువడిన రెండు పరీక్షల్లో, రెండు వారాలకొకసారి ఈ సూది వేయించుకున్న పెద్దవారిలో 16 వారాలకు నూటికి 38, 36 మందికి చర్మం దాదాపు శుభ్రపడింది. మందు లేని ఉత్తుత్తి సూది వేసినవారిలో 10, 8 మందికే.

దురద తగ్గింది సరే, గోడ బాగుపడిందా? కంటితో చెప్పలేం. అందుకని చర్మం మీద చిన్న యంత్రం ఆనించి, ఎంత నీరు ఆవిరవుతున్నదో కొలుస్తారు. జిగురు టేపు అంటించి పీకి, పైపొరలు కొంచెం కొంచెంగా తీస్తూ మళ్లీ కొలుస్తారు. గట్టి గోడైతే తట్టుకుంటుంది, బలహీనమైనదైతే త్వరగా నీరు వదిలేస్తుంది. పెద్దల్లోనూ పిల్లల్లోనూ 16 వారాలు ఇలా చూడగా, నీటి నష్టం బాగా తగ్గి ఆరోగ్యవంతుల చర్మానికి దగ్గరగా వచ్చింది. అంటే లోపలి మంట చల్లారితే గోడ కూడా కోలుకుంటుందన్నమాట.

అయితే ఇది ఖరీదైన మందు. పూతమందులకు లొంగని ఎగ్జిమాకే వాడతారు. కొందరికి కళ్లు ఎర్రబడతాయి. చర్మవైద్యుల సలహా తప్పనిసరి.

గోరువెచ్చని నీళ్లతో కొద్దిసేపు స్నానం చేయించి, తడి ఆరకముందే వాసన లేని లేపనం రాయడం మాత్రం ఎవరైనా చేయవచ్చు. బెంగుళూరు చలిగాలికి ఇది మరీ అవసరం. మందుల షాపులో అడిగి తెచ్చిన స్టెరాయిడ్ ట్యూబులు నెలల తరబడి పూయకండి, చర్మం పలచబడుతుంది. ఉన్న గోడను కూల్చుకుని మందు కోసం వెతకడం తగదు కదా!