సర్వర్ క్లౌడ్‌లో ఉంది సరే.. అప్‌డేట్ ఎవరు చేయాలి?

2017 మే నెల గుర్తుందా? వానాక్రై రాన్సమ్‌వేర్ ప్రపంచాన్ని కుదిపేసిన రోజులవి. మన రాష్ట్రంలోనూ శ్రీకాకుళం, విశాఖపట్నం సహా పలు జిల్లాల్లో పోలీసు కంప్యూటర్లకు అది సోకింది. దాడి మొదలైంది మే 12న. అప్పటికి సపోర్ట్ ఉన్న విండోస్ వెర్షన్లకు మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఇచ్చింది మాత్రం మార్చి 14నే. ప్రపంచమంతటా చాలాచోట్ల మందు ఉంది, వేసినవాళ్లే లేరు.

అవి ఆఫీసు బల్లల మీది కంప్యూటర్లు. ఇప్పుడు మీరు పాలకొండలో కూర్చుని వాట్సాప్‌లో ‘మన మిత్ర’ తెరిచి సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెడుతున్నారు. ఇలాంటి సేవల వెనక పనిచేసే సర్వర్లు మీ కంటికి కనిపించవు. ప్రభుత్వాల సేవలు కూడా క్రమంగా క్లౌడ్‌లోకి వెళ్తున్నాయి. కేంద్రం ‘మేఘరాజ్’ కార్యక్రమం కింద ఎన్ఐసీ నేషనల్ క్లౌడ్ 2014 ఫిబ్రవరిలోనే మొదలైంది.

క్లౌడ్‌లో పెట్టేశాం కదా, ఇక కంపెనీయే చూసుకుంటుందని చాలామంది అనుకుంటారు. చూసుకోదు. విజయనగరంలో ఓ కాంప్లెక్స్‌లో షాపు అద్దెకు తీసుకున్నారనుకోండి. గోడలు, కరెంటు లైను, వాచ్‌మన్ యజమాని బాధ్యత. మీ షట్టర్‌కు తాళం వేయాల్సింది మీరే. అమెజాన్, మైక్రోసాఫ్ట్, గూగుల్ క్లౌడ్‌లలోనూ అంతే: భవనం, అసలు మెషీన్, దాన్ని వర్చువల్ మెషీన్లుగా పంచే హైపర్‌వైజర్ వాళ్లవి. అద్దెకు తీసుకున్న వర్చువల్ మెషీన్‌లోని విండోస్ లేదా లినక్స్ మీది. మేనేజ్డ్ డేటాబేస్ లాంటి సేవ కొంటే మాత్రం ఓఎస్ ప్యాచింగ్ కూడా వాళ్లే చేస్తారు. ఆటోమేటిక్‌గా ప్యాచ్ చేసే టూల్స్ క్లౌడ్‌లో ఉన్నాయి కానీ వాటిని ఆన్ చేయాల్సింది మీరే.

2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అప్‌డేట్ వికటించి దాదాపు 85 లక్షల విండోస్ మెషీన్లు ఆగిపోయినప్పుడు ఈ గీత స్పష్టంగా కనిపించింది. అజూర్‌లోని వర్చువల్ మెషీన్లు పడిపోతే, అవసరమైతే 15 సార్ల దాకా రీస్టార్ట్ చేసి చూడండని మైక్రోసాఫ్ట్ కస్టమర్లకే చెప్పింది!

ఇంతకన్నా ప్రమాదం చప్పుడు లేకుండా వచ్చేదే. సెంటాస్ 7కు 2024 జూన్ 30తో అప్‌డేట్లు ఆగిపోయాయి. అయినా ఆ సర్వర్ నడుస్తూనే ఉంటుంది, ఎర్ర లైటేమీ వెలగదు.

ప్రభుత్వ శాఖల్లో ఇక్కడే చిక్కు. యాప్ తయారుచేసిన కాంట్రాక్టర్ ఒకరు, క్లౌడ్ ఇచ్చింది మరొకరు, శాఖ మూడోది. ప్యాచ్‌లు ఎవరు వేయాలో ఒప్పందంలో రాసి లేకపోతే ముగ్గురూ పక్కవాడి వైపు చూస్తారు. సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం సైబర్ ఘటన దృష్టికి వచ్చిన 6 గంటల్లో సమాచారం ఇవ్వాలి, ప్రభుత్వ సంస్థలైనా సరే. కానీ అది ఇల్లు కాలాక చేసే ఫోన్. మా దృష్టిలో బాధ్యత శాఖదే. మీ వివరాలు తీసుకున్నది ఆ శాఖే కాబట్టి, పని కాంట్రాక్టర్‌కు అప్పగించినా జవాబు అదే చెప్పాలి. ఒప్పందంలో ఆ పని ఎవరి పేరున ఉందో ఆర్టీఐ కింద అడిగి చూడండి.