ఏథెన్స్ పాట 1980లో పుట్టలేదు

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, అట్లాంటాకు డెబ్బై మైళ్ల దూరంలో ఏథెన్స్ ఉంది. జనాభా లక్షా పాతిక వేలు దాటుతుంది. ఈ ఊరి గురించి సంగీత పత్రికలు, డాక్యుమెంటరీలు, పర్యాటక కరపత్రాలు నలభై ఏళ్లుగా ఒకే కథ చెబుతున్నాయి. విశ్వవిద్యాలయం తప్ప మరేమీ లేని నిద్రమత్తు ఊరట. అక్కడికి చదువుకోవడానికి వచ్చిన కొందరు కుర్రకారు ఇళ్లలో పార్టీలకు వాయించడం మొదలుపెట్టారట. 1976లో బి-52స్, తర్వాత పైలాన్, 1980లో ఆర్.ఇ.ఎమ్. పుట్టుకొచ్చాయి, ఊరు సంగీత నగరమైపోయింది. ఆ బ్యాండ్ల ప్రతిభను నేను కాదనడం లేదు. అంతకుముందు అక్కడేమీ లేదన్నది మాత్రం అబద్ధం. ఆ అబద్ధం ఎవరికి లాభించిందో, ఎవరికి నష్టం చేసిందో చెప్పాలి.

డౌన్‌టౌన్‌లో వాషింగ్టన్, హల్ వీధులు కలిసే కూడలిని హాట్ కార్నర్ అంటారు. ఒకప్పుడు నల్లజాతి వారి వ్యాపారాలకు అది కేంద్రం. 1910లో అక్కడ మోర్టన్ థియేటర్ తెరుచుకుంది. కట్టించినవాడు మన్రో బోవర్స్ మోర్టన్, జనం పిలుపు 'పింక్' మోర్టన్, నల్లజాతి వ్యాపారి. నల్లవారు థియేటర్‌కు వెళితే పక్కదారి మెట్లెక్కి బాల్కనీలో కూర్చోవలసిన కాలంలో ఆయన సొంత డబ్బుతో, సొంత స్థలంలో ఒక వేదిక నిలబెట్టాడు. తొలిరాత్రి ఆలిస్ కార్టర్ సిమన్స్ అనే పియానో విద్వాంసురాలి శాస్త్రీయ కచేరీ. అదే భవనంలో మందుల దుకాణం, డాక్టర్ల గదులు ఉండేవి. జార్జియాలో లైసెన్సు పొందిన తొలి నల్లజాతి పళ్ల డాక్టరమ్మ ఐడా మే హైరమ్ అక్కడే రోగులను చూసేవారు. వైద్యానికి వచ్చినవాళ్లు, మందులకు వచ్చినవాళ్లు, పాటకు వచ్చినవాళ్లు ఒకే గుమ్మాల ముందు కలుసుకునేవారు. టిక్కెట్టు డబ్బు ఆ వీధిలోనే చేతులు మారేది. ఊరి కళా జీవితానికి ఇంతకన్నా పునాది ఏం కావాలి? బ్రాడ్‌వే దాకా తన బృందగానాన్ని తీసుకెళ్లిన హాల్ జాన్సన్ పుట్టింది కూడా ఈ ఊళ్లోనే, 1888లో.

దీనికి ఒక జవాబు వినిపిస్తుంది: మోర్టన్‌లో ఆడిన వాడ్‌విల్ వినోద ప్రదర్శనలు ఎక్కడ, గిటార్ బ్యాండ్లు ఎక్కడ, ఈ సంగీతానికీ ఆ సంగీతానికీ బంధుత్వమే లేదు కదా అని. బాణీల బంధుత్వం నేను అడగడం లేదు. గదుల సంగతి అడుగుతున్నాను. ఏథెన్స్ బ్యాండ్లు ఎలా పుట్టాయంటే, అద్దెలు చవక కాబట్టి అని అందరూ చెబుతారు. ఆ గదులు ఎందుకు ఖాళీ అయ్యాయో ఎవరూ అడగరు. మోర్టన్ థియేటర్ 1950ల మధ్యలో చిన్న అగ్నిప్రమాదం తర్వాత మూతపడి దశాబ్దాలు అలాగే ఉండిపోయింది. బి-52స్ తొలిరోజుల సాధన నల్లజాతి వారి అంత్యక్రియల సంస్థకు చెందిన గదిలో జరిగిందని ఈ కథ చెప్పేవాళ్లే రాశారు. వాళ్లకది సరదా వివరం. ఒక సమాజం చేతిలోంచి జారిపోయిన వీధిని ఇంకొకరు చవగ్గా వాడుకున్నారన్నది నాకు కనిపించే నిజం. వాడుకున్న కుర్రాళ్లది తప్పు కాదు. అది తెలిసీ కథలోంచి తీసేసినవాళ్లది తప్పు.

ఇక లిన్నెన్‌టౌన్. విశ్వవిద్యాలయం పక్కనే సుమారు యాభై నల్లజాతి కుటుంబాలు ఉండేవి, చాలామందివి సొంత ఇళ్లు. 1961లో కోర్టు ఆదేశంతో చార్లేన్ హంటర్, హామిల్టన్ హోమ్స్ అక్కడ తొలి నల్లజాతి విద్యార్థులుగా అడుగుపెట్టారు. ఆ మరుసటి ఏడాదే లిన్నెన్‌టౌన్‌కు మురికివాడ అని పేరుపెట్టి, పట్టణ పునరుద్ధరణ నిధులతో ఖాళీ చేయించడం మొదలైంది. 1966కల్లా అంతా అయిపోయింది. ఆ నేల మీద లేచినవే బ్రంబీ, రసెల్, క్రెస్వెల్ హాస్టళ్లు. అట్లాంటా శివార్లలోని తెలుగు ఇళ్ల పిల్లలు ఎందరో ఈ విశ్వవిద్యాలయంలో చేరుతుంటారు. ఆ హాస్టళ్లు మొదటి సంవత్సరం వాళ్లకే కాబట్టి, ఇది మనకు పట్టని సంగతి కాదు. కూలిపోయిన ఇళ్లలో పెరిగిన హాటీ థామస్ వైట్‌హెడ్ తన వీధి గురించి పుస్తకం రాశారు. 2021లో నగర పాలకవర్గం క్షమాపణ తీర్మానం చేసింది. అది ఆ కుటుంబాలు ఏళ్ల తరబడి పట్టుబట్టి సాధించుకున్న క్షమాపణ.

ఆర్.ఇ.ఎమ్. తొలి కచేరీ జరిగిన సెయింట్ మేరీస్ చర్చిని 1990లో కూల్చేశారు, గోపురం మాత్రం నిలిపి ఉంచారు. అభిమానులు వచ్చి ఫొటోలు తీసుకుంటారు, దాని మరమ్మతుకు చందాలు పోగయ్యాయి. మంచిదే. కానీ ఒక రాత్రి కచేరీకి గోపురం మిగలాలి, ఒక పేట మొత్తానికి ఒక్క గోడ కూడా మిగలకూడదా? 1992లో ఆర్.ఇ.ఎమ్. వాళ్ల 'ఆటోమేటిక్ ఫర్ ది పీపుల్' ఆల్బమ్‌కు పేరు దొరికింది డెక్స్‌టర్ వీవర్ అనే నల్లజాతి వంటవాడి హోటల్ బోర్డు మీద. ఆ బోర్డును ప్రపంచమంతా చూసింది. ఆయన హోటల్లాంటివి ఏ జీవితంలోంచి పుట్టాయో మాత్రం ఆ కథల్లో ఒక పేరా ఉండదు.

కళ దానంతట అదే మొలుస్తుందని నమ్మితే ఊరు చేయవలసిన పని ఏదీ మిగలదు. డౌన్‌టౌన్‌లో ఖరీదైన విద్యార్థి అపార్ట్‌మెంట్లు లేస్తుంటే, అద్దె కట్టలేక వాయిద్యగాళ్లు శివార్లకు పోతుంటే, ఇంకెవరో ప్రతిభావంతులు వస్తారులే అని కూర్చోవచ్చు. మోర్టన్ థియేటర్ అలా నిలబడలేదు. దానికోసమే ఒక సంస్థ పెట్టుకుని భవనం కొన్నారు, 1979 నాటికే చారిత్రక కట్టడాల జాతీయ జాబితాలో చేర్పించారు. 1980ల చివర్లో ఓటర్లు తమ మీద తామే అమ్మకం పన్ను వేసుకోవడానికి ఒప్పుకుని బాగుచేయించారు. 1990ల మొదట్లో తలుపులు మళ్లీ తెరుచుకున్నాయి. ఇవాళ ఊరి నాటకాలకు, పిల్లల నాట్యాలకు, కచేరీలకు అదే వేదిక.

ఏథెన్స్ మీద తీసే తర్వాతి డాక్యుమెంటరీ 1910 నుంచి మొదలుకావాలి. 2021 క్షమాపణ నగరానిది మాత్రమే, దాని మీద విశ్వవిద్యాలయం సంతకం లేదు. ఆ సంతకం పెట్టాలి. ఆ హాస్టళ్ల వల్ల ఇన్నేళ్లుగా వస్తున్న ఆదాయంలో కొంత లిన్నెన్‌టౌన్ వారసులకు దక్కాలి.