రక్తమునందే యున్నదా?

మా ధర్పల్లిలో నొక బాలుడు బడి మానివేసెను. తండ్రి త్రాగుబోతు. పెద్దలు విచారింపలేదు సరికదా, “త్రాగుడు వాని రక్తములోనే యున్నది, వానికి చదువెక్కడ నబ్బును?” అనిరి. పూర్వమిట్టి మాటకు కర్మము ప్రమాణముగా నుండెను; ఇప్పుడు జన్యుశాస్త్రము ప్రమాణమైనది. “కోతుల రక్తము పరీక్షించి, ఏది త్రాగునో ఏది త్రాగదో అమెరికా పండితులు ముందుగనే చెప్పుచున్నారు గదా!” అని ఇంగ్లీషు చదివిన మిత్రుడొకరు మాతో వాదించిరి. ఆ పరీక్షలే యీ వాదమును ఖండించుచున్నవని మేము చెప్పుచున్నాము.

రీసస్ కోతి మనకు క్రొత్తది కాదు. గోదావరి కుత్తరమున దాని నివాసము. నదిని దాటి దక్షిణమునకును వ్యాపించి మన చేలలో దిగుచున్నది. మెదడులోని సెరటోనినును మరల కణములలోనికి గొనిపోవు జన్యువొకటి మనుష్యులయందువలెనే దానియందును పొడుగు, పొట్టి యను రెండు రూపముల నుండును. 2002లో ప్రకటితమైన పరిశోధనలో, తల్లియొద్ద పెరిగిన కోతులను, పుట్టగనే తల్లిని బాపి తోడిపిల్లల నడుమ పెంచిన కోతులను పోల్చి చూచిరి. పొట్టి రూపము గలవానిలో సెరటోనిను వ్యాపారము తగ్గినట్లు కనబడినది తల్లి లేక పెరిగినవానియందే. తల్లియొద్ద పెరిగినవానిలో నా భేదము కనబడలేదు. 2004లో ఆడుకోతులకు మద్యమిచ్చి చూచినప్పుడును, పొట్టి రూపము గలిగి తల్లి లేక పెరిగినవే మద్యమున కెక్కువ మరగినవి.

ఇందు రక్తము చేసిన నేరమేది? మా యార్మూరు ప్రాంతపు పసుపు రైతు నడిగినను చెప్పును: మేలైన విత్తనపు కొమ్మైనను నీరు నిలుచు మడిలో నాటినచో దుంపకుళ్లు తగులును. అప్పుడతడు విత్తనమును తిట్టుచు గూర్చుండడు, మురుగుకాలువ త్రవ్వును.

“అట్లయిన జన్యుపరీక్ష యెందుకు?” అని యడుగవచ్చును. ఔషధశోధన కది యవసరము. మద్యపానమును మాన్పుటకు వాడు నాల్ట్రెక్సోను అను మందు కోతులన్నిటియందు నొక్కరీతిగా పనిచేయదనియు, నల్లమందు జాతి ద్రవ్యములను గ్రహించు జన్యువు రూపమును బట్టి మారుననియు 2010లో తేలినది. ఈ భేద మెరుగక చేసిన ప్రయోగము తప్పుదారి పట్టించును, ప్రాణులు వ్యర్థమగును. కావున పరీక్ష తగిన మందును వెదకుటకును, తక్కువ ప్రాణులతో పని ముగించుటకును సాధనము. మనుష్యుని యర్హతను తూచు త్రాసు కాదు.

చేలు పాడుచేయు కోతులనన్నిటిని పట్టి హైదరాబాదు ప్రయోగశాలల కంపుడనువారికిని ఇదే సమాధానము. వంశము, వ్యాధి తెలియని కోతి శాస్త్రమునకు కొరగాదు. వానిని తగ్గింపవలెనన్న 2020లో నిర్మల్ చెంత నెలకొల్పిన కేంద్రమువలె సంతాననిరోధము చేయుట మార్గము. కోతికి మన ఋణము తక్కువది కాదు. 1978లో ఎగుమతి నిషేధించు వరకు వేలకొలది కోతులు మన దేశమునుండి పరదేశపు ప్రయోగశాలలకు పోయినవి. హైదరాబాదులో పుట్టిన కోవాగ్జిను సైతము 2020లో ఇరువది రీసస్ కోతులపై పరీక్షింపబడినది. చిన్నప్రాణితో తీరు పనికి పెద్దప్రాణిని వాడరాదని మన 1960 నాటి చట్టమే చెప్పుచున్నది. తల్లిని బాసిన పిల్ల యేమగునో తెలిసినది. మరల తెలిసికొనుటకు మరికొన్ని పిల్లలను తల్లి రొమ్మునుండి లాగుట శాస్త్రము కాదు, క్రౌర్యము.

అంత వెల యిచ్చి నేర్చిన పాఠమును మన యూరిలో మనమే త్రోసివేయుట న్యాయమా? త్రాగుబోతు కొడుకని యొక బాలుని పలకరింపక, బడిలో వెనుకబల్లపై గూర్చుండబెట్టి, తుదకు మానిపించి, పిదప వాడు చెడిపోయినప్పుడు “మేము చెప్పలేదా?” అనుచున్నాము. ఆ నేరములో నుపాధ్యాయులమగు మాకును పాలున్నది. వాని పేరు హాజరుపట్టీనుండి కొట్టివేసిన చేయి మాదే. రేపు వాని యింటికి పోవుచున్నాము. చదువరులారా, మీ వీధిలో నిట్టి పిల్లవాడుండిన మీరును పొండు.