ధిక్కారానికి జరిమానా సరే, పరిహారం ఎవరిస్తారు?

2023 డిసెంబరు 8న సుప్రీంకోర్టు ఒక సూరత్ వాసికి మధ్యంతర ముందస్తు బెయిలు ఇచ్చింది. ఐదో రోజున అక్కడి మేజిస్ట్రేటు అదే మనిషిని పోలీసు కస్టడీకి అప్పగించారు. కోరినది వేసు పోలీస్ స్టేషన్ ఇన్‌స్పెక్టరు. కస్టడీలో తనను కొట్టారన్నది బాధితుని ఆరోపణ. ఆ రోజుల దృశ్యాలేవని అడిగితే, స్టేషనులో కెమెరాలు పనిచేయలేదన్న జవాబు వచ్చింది. అవి సరిగ్గా అవసరమైన రోజుల్లోనే ఎందుకు మొరాయిస్తాయో!

ముందస్తు బెయిలు ఉన్నా రిమాండు కోరే వెసులుబాటు గుజరాత్‌లో ఆనవాయితీ అని సమర్థించుకోబోయారు. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. జస్టిస్ గవాయ్, జస్టిస్ సందీప్ మెహతాల ధర్మాసనం 2024 ఆగస్టు 7న ఇద్దరినీ ధిక్కార దోషులుగా తేల్చింది. మరుసటి నెలలో మేజిస్ట్రేటు క్షమాపణను అంగీకరించి, ఇన్‌స్పెక్టరుకు 25,000 రూపాయల జరిమానా వేసింది.

మంచిదే. కాని ఇక్కడ శిక్ష పడింది అత్యున్నత న్యాయస్థానపు మాట మీరినందుకు. ఒక పౌరుని స్వేచ్ఛను హరించినందుకు కాదు. సుప్రీంకోర్టు ఉత్తర్వు చేతిలో లేని సామాన్యుణ్ణి ఇలాగే నిర్బంధిస్తే ఆ అధికారి జేబు నుంచి ఒక్క రూపాయి రాబట్టే సులువైన దారి ఏదీ?

మన చట్టం ఈ విషయంలో ఇంకా ఈస్టిండియా కంపెనీ నీడలోనే ఉంది. 1947లో మీరట్ పోలీసులు ఒక వ్యాపారి బంగారాన్ని స్వాధీనం చేసుకుంటే, హెడ్ కానిస్టేబులు దానితో పాకిస్తాన్‌కు పారిపోయాడు. అది సార్వభౌమ విధి గనుక ప్రభుత్వం బాధ్యత వహించనక్కరలేదని 1964లో కస్తూరిలాల్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

ఆ గోడకు పెద్ద బీట పెట్టిన కేసుల్లో ఒకటి మన కర్నూలు జిల్లాది. 1977 మేలో కోయిలకుంట్ల సబ్‌జైలులో ఉన్న తండ్రీకొడుకులపై ప్రత్యర్థులు బాంబులు విసిరారు. తండ్రి మరణించాడు. ప్రాణభయం ఉందని ముందే మొరపెట్టుకున్నా తగిన కాపలా పెట్టలేదు. చల్లా రామకృష్ణారెడ్డి వేసిన దావాను కింది కోర్టు కొట్టేసింది. హైకోర్టు మాత్రం 1,44,000 రూపాయలు ఇప్పించింది. జీవించే హక్కుకు భంగం కలిగినచోట సార్వభౌమ రక్షణ చెల్లదని 2000లో సుప్రీంకోర్టు స్థిరపరిచింది. బాంబులు పడిన 23 ఏళ్లకు!

అయినా ఆ సొమ్ము ఖజానాది, అంటే మనదే. తప్పు చేసిన అధికారి నుంచి వసూలు చేయాలని 1993లో లక్నో అభివృద్ధి సంస్థ కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. ప్రతి పరిహారపు తీర్పులోనూ ఆ వసూలు తప్పనిసరి కావాలి. అలా చేస్తే అధికారులు చేతులు ముడుచుకు కూర్చుంటారన్న వాదన ఉంది. సదుద్దేశంతో పొరబడిన వారిని మినహాయించవచ్చు. అయితే అమెరికా నేర్పే జాగ్రత్త ఒకటుంది: అక్కడ 1871 నుంచి అధికారిపై నేరుగా దావా వేసే చట్టం ఉన్నా, కోర్టులు కల్పించిన రక్షణ దానికి చాలావరకు కోరలు పీకింది.

పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో 1979లో చేరినప్పుడు, అక్రమ నిర్బంధానికి పరిహారం కోరే హక్కు మన వ్యవస్థలో లేదంటూ భారత్ మినహాయింపు రాసుకుంది. దానికిక ప్రాసంగికత లేదని 1996లో డి.కె. బసు తీర్పు చెప్పింది. ఏ ప్రభుత్వమూ దాన్ని ఇంతవరకు ఉపసంహరించుకోలేదు.