మొదలుపెట్టేవారు నలుగురు, ఆపేవారేరీ?

78 ఏళ్ల ఆవిడ, బరువు 48 కిలోలు అనుకుందాం. ల్యాబ్ కాగితంలో సీరం క్రియాటినిన్ 1.1 అని వచ్చింది. పక్కనే అచ్చేసిన నార్మల్ హద్దు 1.2. హద్దు దాటలేదు కాబట్టి అంకె కింద గీత పడలేదు. కొడుకు చూసి ‘కిడ్నీలు బాగానే ఉన్నాయమ్మా’ అన్నాడు. పాత చీటీ మీదే మందులు మళ్లీ కొనేశారు.

అదే 1.1ను 1976 నుంచి వైద్యులు వాడుతున్న కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ లెక్కలో వేసి చూద్దాం. 140లోంచి వయసు తీసేయాలి, బరువుతో హెచ్చించాలి, క్రియాటినిన్‌ను 72తో హెచ్చించగా వచ్చినదానితో భాగించాలి. ఆడవాళ్లయితే చివర్లో 0.85తో మరోసారి హెచ్చించాలి. ఆవిడకు నిమిషానికి 32 మిల్లీలీటర్ల దగ్గర తేలుతుంది. అదే 1.1 ఉన్న 30 ఏళ్ల, 70 కిలోల కుర్రాడికి 97 వస్తుంది. రిపోర్టులో ఇద్దరిదీ ఒకటే అంకె, ఇద్దరిదీ నార్మలే. వడపోత సత్తా మాత్రం ఆవిడకు అతనిలో మూడో వంతు. క్రియాటినిన్ కండరాల నుంచి పుట్టే వ్యర్థం. వయసు మీదపడ్డకొద్దీ కండ కరుగుతుంది, ఆ వ్యర్థం పుట్టడమే తగ్గుతుంది. అందుకే మూత్రపిండాలు మందగించినా రక్తంలో అది పేరుకున్నట్టు కనిపించదు. కిడ్నీల గుండా బయటికి పోవాల్సిన మందులు మాత్రం ఎక్కడికీ పోక ఒంట్లోనే పోగుపడుతుంటాయి.

ఇది డాక్టర్లకు తెలియని రహస్యమేమీ కాదు. ఫార్మకాలజీ పాఠాల్లో ఉన్నదే. కానీ బయట ముప్పైమంది టోకెన్లు పట్టుకుని కూర్చున్న ఓపీలో, ఒక్కో మనిషికి మూడు నిమిషాలు దక్కే చోట, బరువు తూచి ఈ లెక్క కట్టేదెవరు? పెద్దవాళ్ల మందుల సమస్య అనగానే మనం ‘వేసుకోవడం మర్చిపోతారు’ దగ్గర ఆగిపోతాం. మర్చిపోవడం చిన్న సంగతి. చెప్పినవన్నీ తు.చ. తప్పకుండా వేసుకునేవాళ్లకే అసలు ముప్పు ఎక్కువ.

మూత్రపిండాలు ఒక్కటే కాదు. వయసుతో ఒంట్లో నీటి పాలు తగ్గి కొవ్వు పాలు పెరుగుతుంది, కాలేయానికి రక్తం అందడం తగ్గుతుంది. కొవ్వులో కరిగే డయజెపాం వంటి నిద్రమాత్రను తీసుకుంటే, 20 ఏళ్ల వయసులో మందు సగానికి తగ్గడానికి దాదాపు 20 గంటలు చాలు. 80 దాటితే అదే పనికి 80, 90 గంటలు పడుతుంది. సోమవారం రాత్రి వేసుకున్న మాత్రలో సగం గురువారం దాకా ఉంటే, మంగళ, బుధవారాల మాత్రలు దాని మీదే చేరుతున్నాయన్నమాట. మెదడు కూడా అదే మోతాదుకు ఇదివరకటికంటే గట్టిగా స్పందిస్తుంది. దానికితోడు లేచి నిలబడగానే బీపీని సర్దే శక్తీ మందగిస్తుంది. అర్ధరాత్రి మూత్రానికి లేచిన పెద్దాయన బాత్రూం గడప దగ్గర పడితే తప్పు తడి బండది అనుకుంటాం. నిద్రమాత్రకూ, ప్రొస్టేట్‌కు వాడే టామ్సులోసిన్‌కూ అందులో ఎంత వాటా ఉందో అడిగేవాళ్లుండరు.

అన్నిటికన్నా అమాయకంగా కనిపించే మాత్ర దగ్గరికి వద్దాం. అరవై దాటినవాళ్ల మందుల డబ్బా ఏది తెరిచినా పరగడుపున వేసుకునే గ్యాస్ మాత్ర తరచూ కనిపిస్తుంది. మోకాళ్ల నొప్పి మాత్రకు కడుపు మండకుండా తోడిచ్చినదో, ఆస్పత్రిలో ఉన్న నాలుగు రోజులకు రాసినదో అయివుంటుంది. నొప్పి మాత్ర ఆగినా ఇది ఆగలేదు. ఏళ్లు గడుస్తాయి. ఆ క్యాప్సూల్లో చాలాసార్లు రెండు మందులుంటాయి. రాబెప్రజోల్‌తోపాటు డోంపెరిడోనో, లెవోసల్పిరైడో కలిపి అమ్ముతారు. ఈ లెవోసల్పిరైడ్ పేగుల కదలికను పెంచడం నిజమే కానీ, అది మెదడులోని డోపమైన్‌కూ అడ్డుపడుతుంది. నెలల తరబడి వాడిన పెద్దవాళ్లలో కొందరికి చెయ్యి వణకడం మొదలవుతుంది, నడక చిన్న చిన్న అడుగుల్లో పడుతుంది, ముఖంలో కళ తగ్గుతుంది. ఇంట్లోవాళ్లు ‘వయసైపోయింది’ అంటారు. మరో డాక్టరు పార్కిన్సన్స్ అనుకుని లెవోడోపా రాస్తే, దానికి వికారం పుడుతుంది. వికారానికి మళ్లీ మరో మాత్ర. కళ్లు తిరుగుతున్నాయని నెలల తరబడి మింగే సినరిజిన్ కథా ఇలాంటిదే. ఆపితే చాలామందిలో కొన్ని వారాల్లోనో నెలల్లోనో ఆ వణుకు తగ్గిపోతుంది. అసలు చిక్కు, గ్యాస్ మాత్రకూ చేతి వణుకుకూ సంబంధముంటుందని ఎవరికీ తట్టకపోవడమే. ‘మందులేమేం వాడుతున్నారు?’ అని అడిగినప్పుడు బీపీ, షుగర్ అంటారే తప్ప గ్యాస్ మాత్రను మందుల లెక్కలోకే రానివ్వరు.

ఒక మందు తెచ్చిన ఇబ్బందిని కొత్త జబ్బనుకుని దానికి ఇంకో మందు రాసే ఈ గొలుసును రోషాన్, గర్విట్జ్ అనే వైద్య పరిశోధకులు 1997లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వివరించారు. మన వీధి చివర ఆస్పత్రిలో రోజూ కనిపించే ఉదాహరణ ఇంకోటుంది. బీపీకి ఆమ్లోడిపిన్ వేసుకుంటే కొందరికి కాళ్లు వాస్తాయి. నీరు పట్టిందని నీటి మాత్ర ఇస్తారు. దాంతో సోడియం, పొటాషియం పడిపోతాయి, నీరసం వస్తుంది, దానికి ఓ సెలైన్ సీసా. ఆమ్లోడిపిన్ మోతాదు తగ్గించి చూద్దామన్న మాట ఈ వరుసలో ఎక్కడా వినపడదు.

నొప్పి మాత్రల సంగతి ఇంకా మొరటుగా ఉంటుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ ఇంజెక్షన్, మెడికల్ షాపులో కాగితం లేకుండానే ఎసిక్లోఫెనాక్ స్ట్రిప్పు. టెల్మిసార్టన్‌తో నీటి మందు కలిపిన బీపీ మాత్ర వాడుతున్న మనిషికి పైనుంచి ఈ నొప్పి మాత్ర తోడైతే, మూడూ మూడు వైపుల నుంచి మూత్రపిండాన్ని నొక్కుతాయి. మే నెల ఎండలో రెండుసార్లు విరేచనాలైతే చాలు, ఉన్నట్టుండి కిడ్నీ చేతులెత్తేయవచ్చు. ఉద్దానంలాగా మూత్రపిండాలు ముందే దెబ్బతిన్న మనుషులు ఎక్కువున్న ప్రాంతాల్లో ఇలాంటి మాత్ర కూలిపని నొప్పులకు చాయ్ తాగినంత సులువుగా దొరకడాన్ని ఏ తనిఖీ యంత్రాంగమూ సమర్థించుకోలేదు.

షుగర్ మందుల్లో గ్లిబెన్‌క్లమైడ్ 60 ఏళ్లు దాటినవారికి తగదని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన అత్యవసర మందుల జాబితాలోనే రాసింది. అది చవక, పాతది, ఇప్పటికీ మెట్‌ఫార్మిన్‌తో కలిపి దొరుకుతోంది. దాని ప్రభావం గంటల్లో పోయేది కాదు. కార్తీక సోమవారం ఉపవాసం ఉండి, మాత్ర మానకూడదన్నారు కదా అని పొద్దున్నే వేసుకున్న అమ్మమ్మకు సాయంత్రానికి షుగర్ పడిపోతుంది. కుర్రవాళ్లకైతే చెమటలు పట్టి, గుండె దడదడలాడి, ఒళ్లు ముందే హెచ్చరిస్తుంది. పెద్దవాళ్లలో ఆ సూచనలు సన్నగిలి, నేరుగా తికమక మాటలు, మగత కనిపిస్తాయి. పక్షవాతమేమోనని పరుగెత్తే కుటుంబాలున్నాయి. గ్లూకోజ్ ఎక్కించగానే లేచి కూర్చున్నారు కదా అని ఇంటికి తీసుకెళితే రాత్రి మళ్లీ పడిపోవచ్చు.

పెద్దవాళ్లకు జాగ్రత్తపడాల్సిన మందుల పట్టికలు లేకపోలేదు. అమెరికాలో మార్క్ బీర్స్ 1991లో తెచ్చిన జాబితాను అక్కడి వృద్ధుల వైద్య సంఘం 2023లో కూడా సవరించింది. పట్టిక గోడకు అతికిస్తే పనైపోతుందా? 2011లో వచ్చిన అమెరికన్ అధ్యయనం వృద్ధులు మందుల వల్ల అత్యవసరంగా ఆస్పత్రి పాలైన కేసులను తవ్వి చూసింది. వాటిలో మూడింట రెండొంతులకు కారణం నాలుగే రకాలు: వార్ఫరిన్, ఇన్సులిన్, రక్తాన్ని పలచబరిచే యాస్పిరిన్ తరహా మాత్రలు, షుగర్ మాత్రలు. ప్రమాదకరమైనవిగా అప్పటి ఒక పట్టికలో ముద్రపడ్డ మందుల వాటా 1.2 శాతమే. నాకు ఇందులో కనిపించేది ఒకటే. హాని చేసేవి ఎక్కువగా కొట్టేయాల్సిన మందులు కావు, రాసి వదిలేసిన మందులు. వాటిని కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలి.

ఇది చదివి మాత్రలన్నీ మురుక్కాలవలో పారేస్తామంటే అంతకన్నా పెద్ద పొరపాటు లేదు. 80 దాటినవారికి బీపీ మందు ఎందుకు, పోనిద్దూ అనే ధోరణిని 2008లో హైవెట్ పరీక్ష తలకిందులు చేసింది. ఆ వయసులోనూ బీపీకి మందిచ్చినవారిలో మరణాలు 21 శాతం తగ్గాయి. మరోవైపు 2018లో 19,114 మందిపై వచ్చిన ఆస్ప్రీ ఫలితాలు, గుండెజబ్బు లేని 70 దాటినవారు ముందుజాగ్రత్తగా రోజూ వేసుకునే చిన్న యాస్పిరిన్ ఆరోగ్యంగా బతికే కాలాన్ని పెంచలేదని, తీవ్రమైన రక్తస్రావాలు మాత్రం పెంచిందని తేల్చాయి. అదే యాస్పిరిన్‌ను స్టెంట్ వేయించుకున్న మనిషి సొంతంగా ఆపితే ప్రాణం మీదికొస్తుంది. ఏళ్లుగా వాడిన ఆల్ప్రాజొలాం ఒక్కసారిగా ఆపినా ఫిట్స్ రావచ్చు. ఏది ఉంచాలి, ఏది తగ్గించాలి, ఏది ఎన్ని వారాల్లో మాన్పించాలి అన్నది యూట్యూబ్ చూసి తేల్చే పని కాదు.

మరి ఎవరు తేల్చాలి? గుండె డాక్టరు షుగర్ మాత్ర ముట్టుకోరు, అది ఎండోక్రైనాలజిస్టు రాజ్యం. ఎముకల డాక్టరు నొప్పి మాత్ర రాస్తారు, కిడ్నీ రిపోర్టు వేరే ఫైల్లో ఉంటుంది. మొదలుపెట్టే అధికారం అందరికీ ఉంది, ఆపే బాధ్యత ఎవరి పేరిటా లేదు. పైగా ఏమీ రాయకుండా పంపిన డాక్టరును మనమూ అంతగా మెచ్చం కదా. హైదరాబాద్ ఆస్పత్రి ఫైలు బీరువాలో భద్రంగా ఉంటుంది. ఊళ్లో మందుల షాపుకు వెళ్లేది మాత్రం చివరిసారి కొన్న స్ట్రిప్పు ముక్క. కత్తెరతో కోసిన ఆ ముక్క మీద సగం పేరు మిగులుతుంది, ఎక్స్‌పైరీ తేదీ మిగతా సగంతో పోతుంది. ఈసారి వేరే కంపెనీ సరుకిస్తే, పాతదీ కొత్తదీ ఒకే టెల్మిసార్టన్ అని తెలియక రెండూ మింగేవాళ్లున్నారు.

పిల్లల దగ్గరికి ఆరేసి నెలలు అమెరికా వెళ్లే తల్లిదండ్రులది ఇంకో చిక్కు. సూట్‌కేసులో డోలో ఉంటుంది, అక్కడి ఇంట్లో టైలెనాల్ ఉంటుంది. రెండూ పారాసిటమాలే. నిద్ర పట్టట్లేదంటే కూతురు ప్రేమగా ఇచ్చే రాత్రిపూట జలుబు మాత్రల్లో చాలావాటిలో డైఫెన్‌హైడ్రమైన్ ఉంటుంది. వృద్ధుల్లో మూత్రం బిగదీయడానికి, మతి తప్పడానికి కారణమవుతుందని బీర్స్ జాబితా వద్దన్న మందు అదే.

నా వాదన ఇది: ఈ ఖాళీని పూరించే మనుషులు మన దగ్గర సిద్ధంగా ఉన్నారు, వాళ్లకు ఉద్యోగమే లేదు. 2008లో దేశంలో ఫార్మ్‌డీ కోర్సు మొదలైంది. తెలుగు రాష్ట్రాల్లో దాన్ని చెప్పే కాలేజీలకు కొదవలేదు. ఆరేళ్ల చదువు, అందులో ఏడాది ఆస్పత్రి ఇంటర్న్‌షిప్. ఒక రోగి మందులన్నీ ముందు పరుచుకుని ఏది దేనితో పొసగదో, కిడ్నీకి తగ్గట్టు ఏ మోతాదు ఉండాలో చూడటమే వాళ్లు నేర్చుకున్న విద్య. తీరా పట్టా చేతికొచ్చాక ఎంతోమంది మెడికల్ కోడింగ్ కంప్యూటర్ల ముందు కూర్చుంటున్నారు. 2015 ఫార్మసీ ప్రాక్టీస్ రెగ్యులేషన్స్ రోగికి మందుల గురించి చెప్పడాన్ని ఫార్మసిస్టు విధిగానే రాశాయి. షాపు గోడ మీద సర్టిఫికెట్ వేలాడుతుంది, కౌంటర్లో మరెవరో ఉంటారు. ఆస్ట్రేలియాలో 2001 నుంచి ఫార్మసిస్టు ఇంటికెళ్లి మందులు సమీక్షిస్తే ప్రభుత్వం డబ్బు చెల్లిస్తోంది. జపాన్‌లో ప్రతి మందూ ఎక్కే చిన్న నోటుపుస్తకం జనం వెంట ఉంటుంది. మన దగ్గర మందు వికటిస్తే చెప్పడానికి 1800-180-3024 అనే ఉచిత నంబరుంది. ఎన్ని మందుల షాపుల్లో అది కళ్లకు కనబడేలా రాసి ఉందో చూడండి.

డబ్బెక్కడిదనే ప్రశ్న రావాల్సిందే. 70 దాటిన ప్రతివారికీ ఆదాయంతో పనిలేకుండా, కుటుంబం లెక్కన ఏటా 5 లక్షల రూపాయల వైద్య భరోసాను కేంద్రం 2024 అక్టోబరులో ఆయుష్మాన్ భారత్ కింద ఇచ్చింది. పడి తుంటి ఎముక విరిగితే ఆపరేషన్‌కు అది పనికొస్తుంది. పడేట్టు చేసిన మాత్రను ముందే కనిపెట్టే ఓపీ సమీక్షకు పైసా రాదు. అయితే ఆ పథకంలోనే డిశ్చార్జి తర్వాత 15 రోజుల మందుల ఖర్చు కలిసి ఉంది. ఆ గడువు ముగిసేలోపు ఒక ఫార్మసిస్టు ఇంట్లోని పాత డబ్బానూ ఆస్పత్రి కొత్త చీటీనీ పక్కపక్కన పెట్టి చూసి, డాక్టరుకు ఒక కాగితం రాసేలా ప్యాకేజీలో ఓ పద్దు చేరిస్తే చాలు. తుంటి ఆపరేషన్ అయినవారితో మొదలుపెట్టవచ్చు. పడిన రోజు ముందు రాత్రి ఏ మాత్ర వేసుకున్నారన్నది ఆ కాగితంలో మొదటి గడిగా ఉండాలి.